గ్రౌండు నుంచి బొమ్మల బల్ల దాకా: మీ ప్రశ్నలు, నా జవాబులు

డిగ్రీ రోజుల్లో ట్రిపుల్ జంప్ (పరుగెత్తి వచ్చి హాప్, స్టెప్, జంప్ అని వరసగా మూడుసార్లు దూకి ఇసుకలో పడే ఆట) చేసేదాన్నని పోయిన సంచికలో మాటవరసకు రాశాను. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు నీటిరంగుల కాగితం గురించి రాసిన రెండు పేజీలకు రాలేదు! పిల్లల పుస్తకాలకూ వారపత్రికలకూ బొమ్మలు వేసుకుని బతికేదానికి ఇసుక పిట్‌తో పనేమిటని కొందరు, మా పిల్లల చేత గ్రౌండు మాన్పించాలా వద్దా అని కొందరు అడిగారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే. పొడుగు ఉత్తరాలను కుదించాను. పేర్లు తీసేశాను.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. ట్రిపుల్ జంప్‌లో యూనివర్సిటీ జట్టుకు ఎంపికైంది. చిన్నప్పటి నుంచి బొమ్మలు బాగా వేస్తుంది. డిగ్రీ అయ్యాక యానిమేషన్‌లోకి వెళతానంటోంది. అలాంటప్పుడు పొద్దునా సాయంత్రం గ్రౌండులో గడిపే సమయం వృథాయే కదా? ఆ గంటలు డ్రాయింగ్ క్లాసుకు పెడితే మేలు కాదా?
(ఒక తండ్రి, అనంతపురం)

జవాబు: వృథా కాదండీ. ఆటల వల్ల క్రమశిక్షణ వస్తుందని మీకు ఈపాటికి పదిమంది చెప్పి ఉంటారు. నేను చెప్పను. తెల్లవారుజామున లేవడానికి గ్రౌండే అక్కర్లేదు, పాల ప్యాకెట్లు వేసే కుర్రాళ్లు క్రీడాకారుల కంటే ముందే లేస్తారు. ట్రిపుల్ జంప్ నేర్పేది వేరే.

ఒక సాయంత్రం వెళ్లి మీ అమ్మాయి రనప్ (దూకేముందు తీసే పరుగు) ఎలా కొలుచుకుంటుందో చూడండి. కొలత పరుగు మొదలయ్యే చోట మొదలుకాదు, పైకి లేవాల్సిన బోర్డు దగ్గర మొదలవుతుంది. బోర్డు మీద నిలబడి, పిట్‌కు వీపు పెట్టి, రన్‌వే మీద అటువైపు పరుగెత్తుతుంది. అనుకున్న అంగ ఎక్కడ పడిందో పక్కనున్నవాళ్లు చూసి అక్కడ ఒక చెప్పో, సుద్దగీతో పెడతారు. ఇప్పుడు అక్కడి నుంచి పరుగెత్తి వస్తే కాలు సరిగ్గా బోర్డు మీద పడాలి. వెనక నుంచి గాలి తోస్తుంటే అంగ పొడుగవుతుంది కాబట్టి గుర్తును వెనక్కి జరపాలి. ఎదురుగాలి అయితే ముందుకు జరపాలి. కాళ్లు అలిసిపోతే మళ్లీ సరిచూసుకోవాలి. ఇంతా చేస్తే బోర్డు వెడల్పు 20 సెంటీమీటర్లు. గోరంత దాటినా ఎర్రజెండా లేస్తుంది. ఎంత దూరం దూకావని ఎవరూ టేపు పట్టరు.

నా వృత్తి సరిగ్గా ఇలాగే నడుస్తుంది. పత్రిక అచ్చుకు వెళ్లే రోజే నా బోర్డు. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుని రంగులు ఎప్పుడు వేయాలి, రఫ్ (చిత్తు బొమ్మ) ఎప్పుడు పంపాలి, కథ ఎప్పుడు చదవాలి అని గుర్తులు పెట్టుకుంటాను. కథ ఆలస్యంగా చేతికొస్తే గుర్తు జరుపుతాను, బోర్డు మాత్రం కదలదు. గడువు దాటి వచ్చిన బొమ్మ ఎంత అద్భుతంగా ఉన్నా దాని స్థానంలో అప్పటికే ఏదో ఒక పాత ఫొటో అచ్చయిపోయి ఉంటుంది.

ఇంకో సంగతి. పోటీలో ముందు మూడు అవకాశాలిస్తారు. మొదటి ఎనిమిది మందిలో నిలిచినవారికి మరో మూడు. ఆరింటిలో మంచిది ఒక్కటే లెక్క, మిగతా అయిదూ ఎంత అధ్వానంగా ఉన్నా అడిగే దిక్కు లేదు. మొదటి మూడూ ఫౌలైతే మాత్రం సంచీ సర్దుకోవాల్సిందే. అందుకే ఆరితేరినవాళ్లు మొదటి జంప్ జాగ్రత్తగా దూకి ఒక మార్కు సంపాదించుకుంటారు, ఆ తరవాత తెగిస్తారు. కథకు బొమ్మ వేసేటప్పుడు నా మొదటి రఫ్ కూడా అలాంటిదే. సంపాదకులు కాదనలేని, ఎవరికీ పెద్దగా గుర్తుండని బొమ్మ. అది చేతిలో పెట్టుకున్నాక తిక్కతిక్కవి వేస్తాను. వాటిలో ఏదో ఒకటి అచ్చుకు పోతుంది. మిగతావి చెత్తబుట్టలోకి పోతాయి, వాటికోసం నేను ఏడవను. బొమ్మల బడి తప్ప మరొకటి ఎరగని నా స్నేహితుల్లో చాలామందికి ఆ చెత్తబుట్టే శత్రువు. పడేసిన ప్రతి కాగితం తమ ప్రతిభ మీద తీర్పు అనుకుంటారు.

ఇక యానిమేషన్ అన్నారు కాబట్టి మరీ గట్టిగా చెబుతున్నాను. కొత్తగా యానిమేషన్ నేర్చుకునేవారు తడబడేది ముఖాల దగ్గర కాదు, బరువు దగ్గర. పాత్ర గెంతి నేల మీద దిగుతుంది గానీ దిగినట్టు అనిపించదు, గాలిలో వేలాడుతున్నట్టే ఉంటుంది. మీ అమ్మాయికి ఆ బరువు మోకాలికి తెలుసు. హాప్ తరవాత అదే కాలి మీద దిగి స్టెప్‌కు లేచేటప్పుడు నేల మీద పాదం ఉండేది సుమారుగా సెకనులో ఆరేడో వంతు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన అది మూడు నాలుగు బొమ్మలు. ఆ మూడు నాలుగింట్లో మడమ తాకడం, నడుము కాస్త కుంగడం, తొడ ముందుకు రావడం, చేతులు వెనక నుంచి ఊగి రావడం అన్నీ జరగాలి. ఏ బొమ్మ తరవాత ఏది వస్తుందో పుస్తకం చూసి వేసేవారికీ, ఆ దెబ్బ వెన్ను దాకా తగిలినవారికీ తేడా తెర మీద తెలిసిపోతుంది.

డ్రాయింగ్ క్లాసు అక్కర్లేదని కాదు. గ్రౌండు చెయ్యి తిప్పడం నేర్పదు, బొమ్మలు వేస్తేనే బొమ్మలు వస్తాయి. కానీ గంటలు అటు నుంచి ఇటు మార్చకండి. కిట్ బ్యాగులో స్పైక్స్ పక్కన ఒక చిన్న నోటుపుస్తకం పెట్టించండి. జంప్‌కూ జంప్‌కూ మధ్య ఊరికే కూర్చునే సమయం చాలా ఉంటుంది. వార్మప్ చేసేవారిని, షాట్‌పుట్ గుండు పట్టుకున్నవారిని, అలిసి గడ్డి మీద పడుకున్నవారిని అర నిమిషానికొకరి చొప్పున గీయమనండి. కదలకుండా కూర్చునే మోడల్‌కు డబ్బు కట్టేకంటే ఇది నయం.

ప్రశ్న: అక్కా, డిజైన్ ఉద్యోగానికి దరఖాస్తు పెడుతున్నాను. ఇంటర్ యూనివర్సిటీ ఖోఖో సర్టిఫికెట్‌ను పోర్ట్‌ఫోలియోలో పెట్టాలా?
(నిజామాబాద్)

జవాబు: వద్దమ్మా. పోర్ట్‌ఫోలియోలో నీ పని ఉండాలి. బయోడేటాలో ఒక్క వాక్యం రాయి, చాలు. కప్పు పట్టుకున్న ఫొటో అసలే వద్దు. జట్టు జెర్సీకో, మీట్ పోస్టరుకో నువ్వే డిజైన్ చేసి ఉంటే అది పెట్టు, మొదటి పేజీలోనే పెట్టు. ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో ఆడినట్టు ఇచ్చే ధ్రువపత్రం, ఫారం-3, మాత్రం భద్రంగా దాచుకో, స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలు అడిగేది దాన్నే.

ప్రశ్న: అక్కా, ఎం.ఏ. తెలుగు చదువుతున్నాను. యూనివర్సిటీ కబడ్డీ జట్టులో రైడర్‌ని. కథలు రాయాలని బలమైన కోరిక. గ్రౌండులో మూడు గంటలున్నా విసుగు రాదు. బల్ల ముందు పావుగంట కూర్చుంటే కాళ్లు లాగుతాయి. నేను రచనకు పనికిరానా?
(వరంగల్)

జవాబు: తమ్ముడూ, మూడు గంటలు ఆడుతున్నానన్నావు. నిజంగా ఆడుతున్నావా? రైడ్ 30 సెకన్లు. మ్యాచ్ అయినా 20 నిమిషాల చొప్పున రెండు సగాలు, మధ్యలో విరామం. సాధనలో అయితే రెండు రౌండ్లు పరుగు, ఒళ్లు సాగదీయడం, కాసేపు కబుర్లు, కోచ్ గారి తిట్లు, నీళ్లు, మళ్లీ ఆట. ఆ మూడు గంటల్ని ముక్కలు ముక్కలుగా కోసి, మధ్యమధ్య విశ్రాంతి పెట్టి నీకు ఎవరో వడ్డిస్తున్నారు. బల్ల దగ్గరేమో వార్మప్ లేకుండా నేరుగా ఫైనల్‌కు దిగుతున్నావు.

రాసేముందు ఒంటికి లాగే మనసుకూ వేడి పుట్టించు. నేనైతే అసలు బొమ్మ ముట్టుకునేముందు పాత వార్తాపత్రిక మీద పనికిరాని గీతలు, గుండ్రాలు గీస్తాను. నువ్వు ఆ రోజు బస్సులో విన్న మాటలు నాలుగు వాక్యాలు రాయి, చింపేయి. తరవాత ఇరవై నిమిషాలు కథ. లేచి అయిదు నిమిషాలు నడువు. మళ్లీ ఇరవై. ఆ రోజుకు అంతే. కాళ్లు లాగడం లోపమేమీ కాదు, సగం దాటిందని చెప్పే విజిలే అది.

ఇంకో మాట. పాయింటు రాని ఖాళీ రైడ్ చేసి వెనక్కి వచ్చినప్పుడు నిన్ను జట్టులోంచి తీసేస్తున్నారా? లేదు కదా. అవతలి కోర్టులో మూల కాచే కార్నర్ ఆటగాడు ఎక్కడున్నాడో, ఎవడి చెయ్యి ముందుకొస్తోందో చూసి వస్తావు, తరవాతి రైడ్‌కు పనికొస్తుంది. కథ కుదరని రోజులు కూడా అలాంటివే. అయితే గ్రౌండులో నీకోసం ఎదురుచూసే ఆరుగురున్నారు, బల్ల దగ్గర ఒక్కరూ లేరు. అసలు ఇబ్బంది ఇక్కడే ఉందని నా అనుమానం. ప్రతి ఆదివారం రాసినంతవరకు చదివి వినిపిస్తానని ఒక స్నేహితుడికి మాటివ్వు. కథలు తెలిసినవాడే కానక్కర్లేదు, మొహమాటం లేనివాడైతే చాలు.

ప్రశ్న: మేడమ్, బి.ఆర్క్. మూడో సంవత్సరం. యూనివర్సిటీ స్విమ్మింగ్ జట్టులో ఉన్నాను. పోటీలకు వెళ్లివస్తే హాజరు పోతోంది. ‘ఈదేవాడివి ఈత కొట్టుకో, ఇక్కడెందుకు’ అని అధ్యాపకులొకరు అందరి ముందూ అన్నారు. రెండూ కలిసి నడవవా?
(విజయవాడ)

జవాబు: మీ గోడు 1896 నాటిది. ఆల్ఫ్రెడ్ హాయోష్ అనే హంగేరీ కుర్రాడు బుడాపెస్ట్‌లో ఆర్కిటెక్చర్ చదువుతూ ఏథెన్స్‌లో జరిగిన మొదటి ఆధునిక ఒలింపిక్స్‌కు వెళ్లాడు. అప్పట్లో ఈతపోటీలు కొలనులో కాదు, సముద్రంలో. వణికించే చలి నీళ్లు. ముందు 100 మీటర్లు గెలిచాడు, ఆ తరవాత ఒంటికి దట్టంగా గ్రీజు పూసుకుని 1200 మీటర్లూ గెలిచాడు. గెలవాలన్న కోరికను బతకాలన్న కోరిక మింగేసిందని తరవాత చెప్పుకున్నాడు. తిరిగొచ్చాక డీన్ ఏమన్నారో తెలుసా? నీ పతకాలతో నాకు పనిలేదు, వచ్చే పరీక్షలో ఏం జవాబు చెబుతావో వినాలని ఉంది అన్నారట. అంటే డీన్లు నూట పాతికేళ్లుగా ఒకే తీరు!

హాయోష్ చదువు పూర్తి చేశాడు, ఆర్కిటెక్ట్ అయ్యాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో, అప్పట్లో కళలకూ పోటీలుండేవి, దెజో లౌబర్‌తో కలిసి గీసిన స్టేడియం నమూనాకు వెండి పతకం వచ్చింది. ఆ విభాగంలో ఆ ఏడు బంగారు పతకం ఎవరికీ ఇవ్వలేదు. 1930లో బుడాపెస్ట్‌లోని మార్గరెట్ దీవిలో ఆయన రూపకల్పన చేసిన ఈతకొలను కట్టారు, దానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. చలి సముద్రంలో ఈది ప్రాణం దక్కించుకున్నవాడు పైకప్పు వేసిన కొలను గీశాడు. ఇందులో నాకు బాగా నచ్చింది ఆ కప్పే.

మీరు మాత్రం ఈ కథ ఆ అధ్యాపకులకు చెప్పకండి, ఇంకా మండుతారు. షెడ్యూలు రాగానే ఫిజికల్ డైరెక్టర్ గారి దగ్గర తేదీలతో లేఖ తీసుకుని, వెళ్లేముందే విభాగంలో ఇవ్వండి. తిరిగొచ్చాక ఇచ్చే లేఖకు విలువ సగం. సబ్మిషన్ షీట్లు మిగతావారి కంటే ముందు పెట్టేసి వెళ్లండి. ఆయన నోరు మూయించేది అదొక్కటే. ఏదైనా ప్రాజెక్టు ఎంచుకునే అవకాశం వస్తే ఈతకొలను తీసుకోండి. లేన్ల మధ్య అలలు ఎలా కొడతాయో, తడి పాదాలు ఎక్కడ జారతాయో, వెల్లకిలా ఈదేటప్పుడు కంటికి కప్పులో ఏం కావాలో మీ తరగతిలో మరొకరికి తెలియదు.

ప్రశ్న: అక్కా, జావెలిన్ విసురుతాను, బొమ్మలు కూడా వేస్తాను. కానీ పొడవాటి గీత గీస్తే వణుకుతుంది. భుజం కూడా నొప్పి పెడుతోంది. బలం ఎక్కువైందా, తక్కువైందా?
(రాజమహేంద్రవరం)

జవాబు: రెండూ కాదు. 600 గ్రాముల జావెలిన్‌ను నువ్వు చేత్తో విసరవు. ముందు కాలు నేలకు తన్ని పట్టాలి, నడుము తిరగాలి, భుజం రావాలి, ఆ తరవాతే మోచెయ్యి, మణికట్టు. మణికట్టుది చివరి వంతు. అంత తెలిసినదానివి పెన్సిల్ దగ్గరికి వచ్చేసరికి మణికట్టు ఒక్కదానితోనే పని కానిస్తున్నావు. కాగితాన్ని గోడకు అంటించి, నిలబడి, భుజం నుంచి గీయి. గీత మొదలుపెట్టేటప్పుడు ఊపిరి వదలడం మొదలుపెట్టు. దవడ బిగించకు. మంచి స్ప్రింటర్లు పరుగెత్తేటప్పుడు చూడు, బుగ్గలు వదులుగా ఊగుతుంటాయి. మన పత్రికల్లో మాత్రం పరుగెత్తేవాడి బొమ్మకు పళ్లు బిగించి, పిడికిళ్లు బిగించి వేస్తారు, చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. నొప్పి రెండు మూడు వారాల్లో తగ్గకపోతే ఫిజియోను కలువు. జావెలిన్ భుజంతో ఆటలొద్దు.

ప్రశ్న: నమస్తే అండీ. మేము అమెరికాలో ఉంటాం. మా అమ్మాయి ఇక్కడ డివిజన్-1 (కళాశాల క్రీడల్లో పై స్థాయి) ఈత జట్టులో ఉంది, చదివేది పెయింటింగ్. తెల్లవారుజామున ప్రాక్టీసు, సాయంత్రం ప్రాక్టీసు, మధ్యలో స్టూడియో. ఈ మధ్య బాగా అలిసిపోయి ‘ఏదో ఒకటి వదిలేస్తాను’ అంటోంది. ఏది వదలమనాలి?
(ఒక తల్లి, టెక్సస్)

జవాబు: అమ్మా, ఎర్నీ బార్న్స్ అనే చిత్రకారుడుండేవాడు. 1938లో నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో పుట్టిన నల్లజాతివాడు. ఆ ఊళ్లోనే అప్పటి నార్త్ కరోలినా కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్‌తో చేరి చిత్రకళ చదివాడు. ఎడ్ విల్సన్ అనే శిల్పి ఆయనకు గురువు. ఆడేటప్పుడు నీ ఒంట్లో ఏం జరుగుతోందో గమనించు, బొమ్మలోకి దాన్నే తీసుకురా అన్నది ఆ గురువు నేర్పిన పాఠం. బార్న్స్ తరవాత వృత్తిగా ఫుట్‌బాల్ ఆడాడు. జట్టు సమావేశాల్లో బొమ్మలు గీస్తూ పట్టుబడి జరిమానా కూడా కట్టాడు. ఆట మానేశాక న్యూయార్క్ జెట్స్ ఫుట్‌బాల్ జట్టు యజమాని సన్నీ వెర్బ్లిన్ ఆటగాడికిచ్చే జీతం ఇచ్చి బొమ్మలు వేసుకొమ్మన్నాడు. 1966లో న్యూయార్క్‌లో ప్రదర్శన జరిగింది. ఆయన బొమ్మల్లో చేతులు, మెడలు, నడుములు ఉండాల్సినదానికంటే పొడుగ్గా సాగి ఉంటాయి. బయట నుంచి చూస్తే అది తప్పు కొలత. అందుకోబోయే బంతి వేళ్లకు ఒక్క అంగుళం అవతల ఉన్నప్పుడు చెయ్యి ఎంత పొడుగనిపిస్తుందో ఆ కొలత అది. 2009లో పోయాడు. 2022 మే నెలలో ఆయన ‘ది షుగర్ షాక్’ క్రిస్టీస్ వేలంలో కోటిన్నర డాలర్లకు పైగా పలికింది. వేసిన అంచనా రెండు లక్షలు.

ఆ ధర మీ అమ్మాయికి చెప్పకండి. విల్సన్ మాట చెప్పండి, చాలు. నీళ్లలో తల ఉన్నప్పుడు ఏం వినబడుతుంది, ఆఖరి ల్యాప్‌లో కంటి ముందు రంగులు ఏమవుతాయి, ఇవి ఆమె కాన్వాస్ మీదికి వస్తున్నాయా? రాకపోతే ఆమె రెండు పనులు చేస్తోంది, అలుపు సహజం. వస్తుంటే ఒకటే పని రెండు చోట్ల చేస్తోంది.

ఇక గంటల లెక్క. అక్కడి కళాశాల క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ సంస్థ నియమం ప్రకారం సీజన్‌లో జట్టు పని వారానికి 20 గంటలు, రోజుకు 4 గంటలు మించకూడదు. వినడానికి బాగుంటుంది. కానీ ప్రయాణం, ఫిజియో దగ్గర గడిపే సమయం ఆ 20లోకి రావు, పోటీ రోజు మొత్తాన్ని మూడు గంటలుగానే లెక్కేస్తారు. కాబట్టి ఆమె అలుపు నిజమైనదే, బద్ధకమని అనుకోకండి. చాలా విశ్వవిద్యాలయాల్లో క్రీడాకారులకు కోర్సులు ముందుగా ఎంచుకునే వీలుంటుంది. పొడవాటి స్టూడియో తరగతులను పోటీలు లేని సెమిస్టర్‌కు పెట్టుకోవడం సాధ్యమేమో అకడమిక్ అడ్వైజరును అడగమనండి. వదిలేయాలో వద్దో సీజన్ మధ్యలో తేల్చవద్దనండి. సీజన్ ముగిశాక, రెండు వారాలు నిద్రపోయాక కూడా ఈత వద్దనిపిస్తే వదిలేయనివ్వండి. మీరు పక్కన కూర్చుని లాభనష్టాలు చెప్పకండి. స్కాలర్‌షిప్ ఉంటే మాత్రం దాని సంగతి ముందే కనుక్కోండి, అది భావుకత కాదు, ఫీజు.

ప్రశ్న: మేడమ్, కళాశాలలో 400 మీటర్ల రన్నర్‌ని. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ప్రకటనల సంస్థలో గ్రాఫిక్ డిజైనర్‌ని. మీరంతా ఆటల మేలు చెబుతారు. నాకు కీడే జరిగింది. పక్క సీటులో అమ్మాయి డిజైన్ ఎంపికైతే నేను ఓడిపోయినట్టే ఉంటుంది. రాత్రి నిద్ర పట్టదు. ఈ గుణం గ్రౌండు నుంచే వచ్చిందని నాకు తెలుసు.
(పేరు వద్దన్నారు)

జవాబు: ఈ ఉత్తరం రాసినందుకు సంతోషం. మిగతావన్నీ చదివి నేనే ఆటలకు ప్రచారకర్తనైపోయానేమోనని భయం వేసింది.

మీరన్నది నిజం. 400 మీటర్ల పరుగు మనిషిని లేన్‌లో పెట్టి, పక్క లేన్ వాడి వీపు చూపించి పరుగెత్తిస్తుంది. ఆఖర్న గడియారం సెకనులో నూరో వంతు దాకా తేల్చి చెబుతుంది, అప్పీలు లేదు. డిజైన్‌లో ఆ గడియారం లేదు. లేనప్పుడు మీలాంటివారు చేతికందినదాన్ని గడియారంగా పెట్టుకుంటారు: ఎవరిది ఎంపికైంది, ఎవరిని క్లయింటు మెచ్చుకున్నాడు, ఎవరికి ఎన్ని లైకులొచ్చాయి. అవి గడియారాలు కావు. క్లయింటు ఆ రోజు ఆకుపచ్చ వద్దనుకున్నాడు, అంతే.

జంప్ పిట్ దగ్గర పద్ధతి కొంచెం వేరుగా ఉండేది. అక్కడ నాతో పోటీపడే అమ్మాయినే ‘కాలు ఎక్కడ పడుతోందో కాస్త చూడు’ అని అడిగేదాన్ని, ఎందుకంటే దూకేవారికి తమ పాదం కనబడదు. ఆమె బోర్డు పక్కన వంగి చూసి ‘నాలుగు వేళ్లు వెనక’ అని చెప్పేది. తరవాత ఆమెకు నేను చూసేదాన్ని. పతకం ఒకరికే వచ్చేది, అయినా ఎవరూ అబద్ధం చెప్పేవారు కాదు. మీరు రన్నర్ కాబట్టి ఇది మీకు అలవాటు కాలేదు, లేన్‌లో పక్కవారిని అడగడానికేమీ ఉండదు.

వచ్చే వారం చేసే డిజైన్‌ను, పూర్తి కాకముందే, ఆ పక్క సీటు అమ్మాయికే చూపించండి. బాగుందా అని అడగకండి, మర్యాదకు బాగుందంటుంది. ముందుగా కన్ను ఎక్కడికి పోయింది, ఎక్కడ ఆగిపోయింది అని మాత్రం అడగండి. ఆమె చెప్పినదాన్ని కాగితం మీద రాసుకోండి. వాదించకండి. నిద్ర అయినా పట్టకపోతే డాక్టరును కలవండి, ఆ విషయంలో ఈ శీర్షిక మీద ఆధారపడవద్దు.